వియత్నాంలో తోము అనకూడదు

మేము వియత్నాం పోయి వచ్చామని తెలిసినప్పటి నుంచి మా వీధిలో నన్ను నిలబెట్టి అడగని మనిషి లేడు. "అక్కడ పాముల్ని తింటారంట గదక్కా? కప్పల్ని తింటారంట గదా? మీరేం తిని బతికినారు?" అని. కప్పల్ని అమ్మడం నేను కళ్ళారా చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పాముకూ కప్పకూ నేను భయపడలేదు. నేను భయపడింది రొయ్యకు.

ఈ మాట మా ఊరివాళ్ళు విని నవ్వుతారు. కావలికి తూర్పున, సముద్రం పక్క పల్లె మాది. మా అబ్బాయి పెంచలయ్య రొయ్యల గుంటలు చేస్తాడు. మేం కట్టే బట్ట, తినే బువ్వ, పిలకాయల స్కూలు ఫీజు అంతా రొయ్య పెట్టిందే. అయినా మా వంటింటి గడప లోపలికి రొయ్య రాదు. నా మనవరాలు జాహ్నవికి అది పడదు. ఇంట్లో జాను అంటాం. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బంధువుల ఇంట్లో చెవులు కుట్టిన విందులో ఎవరో ముద్దుగా ఒక వేపుడు రొయ్య నోట్లో పెట్టారు. చూస్తుండగానే పెదాలు వాచాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. నెల్లూరు ఆసుపత్రికి చేరేదాకా కారులో ఆ పిల్ల ఛాతీ మీద పెట్టిన చెయ్యి నేను తీయలేదు. డాక్టరు చెప్పింది ఒకటే. రొయ్య, పీత తగలకూడదు, అవి వండిన గిన్నెలో మిగిలిన అంటు కూడా పనికిరాదు అని. చేప పడుతుంది, కోడి పడుతుంది. రొయ్య జాతే పగ.

బయల్దేరక ముందు

ఈ ప్రయాణం మాట తెచ్చింది మా అబ్బాయే. గుంటల దగ్గర్నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు.

"మా, ఈసారి పంట బాగా వచ్చినాది. పిలకాయల్ని వియత్నాం తీసకపోదాం. వాళ్ళు గుంటలు ఎట్టా చేస్తారో నేనూ చూసినట్టుంటది."

"రొయ్య లేకుండా ముద్ద దిగని దేశమే దొరికిందంట్రా నీకు? ఊటీ లేదా?"

"ఊటీలో ఏముంది మా, చలి తప్ప."

"చలికి మూతి వాయదు గదరా."

కోడలు శిరీష కావలిలో టీచరు. ఆలోచించి గానీ మాట అనదు. ఆమైనా వద్దంటుందనుకుంటే మొగుడి పక్కే చేరింది. "ఎన్నాళ్ళని ఇంట్లో దాచుకుంటాం అత్తమ్మా? రేపు హాస్టల్లో చేరినా అక్కడా రొయ్య ఉంటది. మనం పక్కన ఉన్నప్పుడే బయట ఎట్టా తినాలో తెలుసుకోనీండి" అంది.

"నన్నెవురూ అడగరా?" అని తలుపు వెనక నుంచి జాను. తొమ్మిదేళ్ళ పిల్ల.

"నిన్నడిగేదేంది? పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు గమ్మునుండు" అన్నాను.

ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఇదే పని. డాక్టరును కలిసి మాత్రలు రాయించుకున్నారు. మరీ ఊపిరి ఆడకపోతే తొడకు పొడవాల్సిన సూదిమందు ఒక పెట్టెలో పెట్టించుకున్నారు. ఎట్లా పొడవాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నేర్చుకున్నారు. శిరీష ఒక చీటీ తయారు చేయించింది. "ఈ బిడ్డ రొయ్య, పీత తింటే ప్రాణానికి ముప్పు, చారులో కూడా వేయవద్దు" అని వాళ్ళ భాషలో రాయించి, తడిసినా చెడకుండా ప్లాస్టిక్ వేయించి పెద్దవాళ్ళం ముగ్గురికీ తలా ఒకటి ఇచ్చింది. ఇంత చేసినా నాకు గుండె కుదుటపడలేదు.

"పిల్లను పంపితే నేనూ వస్తా. లేకుంటే లేదు" అన్నాను.

"నువ్వొస్తావా? ఆటోకు పది ఎక్కువడిగితే దిగి నడిచేదానివి, విమానం టికెట్టు కొంటే ఊరుకుంటావా?" అన్నాడు మా వాడు.

నా టికెట్టు దండగని నాకు మాత్రం తెలియదా? కానీ ఆ పిల్ల నోట్లోకి పోయే ప్రతి ముద్దా నేను చూడాలి. గుంటల కాపలాకు మా ఆయన ఉండిపోయారు. నేను బయల్దేరాను. చిన్న కరెంటు పొయ్యి, మా ఇంటి ఇనుప బాణలి, బియ్యం, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ సర్దుకున్నాను. ఆ బాణలిలో తప్ప వేరే దాంట్లో జానుకు వండకూడదని నా పట్టుదల. చెన్నై విమానాశ్రయంలో సంచి తెరిపించిన ఆడమనిషి బాణలి పైకెత్తి "ఇదెన్న పాట్టీ?" అంది, ఇదేందవ్వా అని. మనవరాలికి వండడానికని నాకొచ్చిన అరవంలో చెప్పాను. ఆమె నవ్వి, బాణలిని మళ్ళీ తువ్వాల్లో చుట్టి ఇచ్చింది.

సైగాన్

ఆ ఊరికి ఇప్పుడు వేరే పేరుంది గానీ అక్కడివాళ్ళు కూడా సైగాన్ అనే అంటున్నారు. దిగగానే కనపడింది మోటారు సైకిళ్ళు. నెల్లూరులో చేపల పులుసు తినడానికి వచ్చినవాళ్ళంతా ఒకేసారి ఇంటికి పోతున్నట్టుంటుంది, పొద్దున్నించి రాత్రిదాకా. రోడ్డు దాటలేక మేం నిలబడి ఉంటే ఒక ఆడమనిషి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. పూలపూల చొక్కా, అదే గుడ్డతో పైజామా. ఆ ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళంతా కూరగాయలకు పోయినా, పక్కింటికి పోయినా అదే వేషం. మన దగ్గర నైటీ మీద తువ్వాలు వేసుకుని వీధి కుళాయి దాకా పోతామే, అట్లాగే. ఆమె ఆగకుండా, ఉరకకుండా, ఒకే నడకతో నన్ను దాటించింది. బండ్లు మా చుట్టూ నీళ్ళలా చీలిపోయాయి. ఆగితేనే ప్రమాదం, నడుస్తుంటే వాళ్ళే తప్పుకుంటారు. దాటించి చెయ్యి వదిలి, నా ముక్కుకు రెండు వైపులా ఉన్న పుడకలు చూసి ఏదో అని నవ్వుకుంటూ పోయింది.

డబ్బు సంగతి చెప్పాలి. అక్కడ కొబ్బరిబోండాం ఇరవై వేలు. మొదట విని నేను బోండాం వెనక్కి పెట్టేశాను. తర్వాత కోడలు చెప్పింది, మూడు సున్నాలు కొట్టేసి మిగిలినదాన్ని మూడుతో హెచ్చవేసి ఇంకాస్త కలుపుకుంటే మన రూపాయలని. అంటే అరవై పైన. మా తోటలో ఊరికే రాలే బోండాంకు అరవై. అయినా బజారులో బేరం బాగానే సాగుతుంది. ఆకుతో అల్లిన మొనదేలిన టోపీ ఒకటి అడిగితే అమ్మే పిల్ల లెక్కల మిషను మీద ధర కొట్టి చూపించింది. నేను సగం కొట్టాను. ఆమె గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించింది. నేను లేచి నడిచాను. చెయ్యి పట్టుకుని లాగి, భుజం మీద ఒక్కటి వేసి, నేను చెప్పిన దానికే ఇచ్చింది. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఉన్నట్టే అనిపించింది.

మొదటి పూట హోటల్ గదిలోనే వండాను. అన్నం ఉడికింది. బాణలి పెట్టి పప్పుకు తిరగమోత వేశాను. ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ ఘాటు లేచిందో లేదో పైకప్పులో ఉన్న గుండ్రటి డబ్బా కూతపెట్టింది. నిప్పంటుకుందేమోనని ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. చూస్తే ఒక ముసలమ్మ, గరిటె, కరివేపాకు. వాళ్ళు కోప్పడలేదు. దగ్గుతూ, దండాలు పెడుతూ పొయ్యినీ బాణలినీ తీసుకుపోయారు. వెళ్ళేటప్పుడు ఇస్తామన్నారు. మర్నాడు బస్సు వేళవుతుందన్న హడావుడిలో అవి అక్కడే ఉండిపోయాయి. నడిదారిలో గుర్తొచ్చి నేను మొత్తుకుంటే, "తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుందాంలే మా, బాణలికి కూడా ఫారిన్ చూసే రాత ఉండాది" అన్నాడు మా వాడు.

రెండో పూట బయట తిన్నాం. బొమ్మరింటి పీటల్లాంటి ప్లాస్టిక్ స్టూళ్ళు. కూర్చుంటే మోకాళ్ళు చెవులకు తగులుతాయి. శిరీష చీటీ చూపించింది. వడ్డించే కుర్రవాడు బిగ్గరగా చదివి, జానుతో "తోమ్" అని, వేలు అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల "తోమ్, తోమ్" అని నాలుగుసార్లు పలికి నేర్చుకుంది. వాళ్ళ భాషలో రొయ్యకు పేరది. నేను వినలేదు. పక్క బల్ల మీద ఏ పళ్ళెంలో ఏముందో చూడడంలో మునిగి ఉన్నాను. జాను ఏదో అడగబోతే, "అమ్మ అడగతా ఉంది గదా, నువ్వు గమ్మునుండు" అని కసిరాను. అక్కడ కోడి వేసిన సేమ్యా చారు తిన్నాం. మిరియాలు వేసి ఉంటే ఇంకా బాగుండేది.

కొబ్బరితోటల మధ్య

మేం పోయింది మెకాంగ్ అనే పెద్ద నది సముద్రంలో కలిసే చోటికి. అక్కడంతా కాలవలు, కొబ్బరితోటలు. ఇంటికొక పడవ ఉంటుంది, మనకు స్కూటరు ఉన్నట్టు. మేం దిగిన ఇల్లు కాలవ గట్టు మీద. రెండు గదులు వచ్చేపోయేవాళ్ళకు అద్దెకిస్తారు. ఇంటి పెద్దావిడను అందరూ బా సావ్ అంటారు. బా అంటే అవ్వ, సావ్ అంటే ఆరు. పేరే ఆరో అవ్వ! ఆ పక్క పల్లెల్లో బిడ్డల్ని పుట్టిన వరసతో పిలుస్తారు. మన పెద్దోడు, నడిపోడు, చిన్నోడు లాగే. కానీ తొలిచూలు బిడ్డను ఒకటి అనరు, రెండు అంటారు. మొదటి బిడ్డ ఎవరో తెలిస్తే గాలీ ధూళీ ఎత్తుకుపోతుందని భయమట. అందుకని ఐదో బిడ్డ ఆరు అయింది. మా తరంలో బిడ్డలు దక్కకపోతే పెంటయ్య అనీ తిరిపెమ్మ అనీ పెట్టేవాళ్ళు. ఏ దేశంలోనైనా బిడ్డల విషయంలో తల్లులు చేసేది మోసమే, దేవుణ్ణి మోసం చేయడం.

చెప్పులు బయట విడిచి లోపలికి పోయాం. ఎదురుగా పెద్దల పటాలు, ముందు పండ్లు, ఊదువత్తులు. నేను దండం పెట్టాను. బా సావ్ నన్ను పట్టుకుని కూర్చోబెట్టి, నా ముక్కుపుడకలు తాకి చూసి, కాలి మెట్టెలు చూసి, తన కోడల్ని పిలిచి చూపించింది. నేనేదో కొత్తగా దిగిన సరుకైనట్టు. కోడలు పేరు లాన్. ఆ పిల్లకు కాస్త ఇంగ్లీషు వస్తుంది. శిరీష చీటీ ఇస్తే శ్రద్ధగా చదివి, "పిల్లలకు కోడి తెస్తాను, నేనే వండుతాను" అంది. ఇద్దరు కోడళ్ళూ స్కూటరు మీద సంతకు పోయారు. మా వాడు బా సావ్ కొడుకుతో గుంటలు చూడడానికి పడవెక్కాడు. మనవడు బిట్టు బాతుల వెనక పడ్డాడు. ఇంట్లో మిగిలింది బా సావ్, నేను, జాను.

కోడలు వచ్చేలోపు చారైనా కాచి పెడదామనుకుంది కాబోలు బా సావ్ సొరకాయ ముందేసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సొరకాయ కన్నా సాధువైన కూర ఏముంది? నా కళ్ళెదుటే చెక్కు తీసి తరిగింది. అంతా బాగుంది, ఆమె పొయ్యి దగ్గరికి తీసిన గిన్నె చూసేదాకా. అంచున ఎర్రగా ఒక పొట్టు అంటుకుని ఉంది. రొయ్య పొట్టు. అది నేను చీకట్లో కూడా గుర్తుపడతాను.

చీటీ కోడలు చదివింది గదా, ఇక చెప్పాల్సింది గిన్నె సంగతే అనుకుని నేను గిన్నె పట్టుకున్నాను. అంచు చూపించాను. చేత్తో గుండ్రంగా రుద్ది చూపించి, "తోము" అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "తోమ్?" అంది.

"ఆ! తోము. బాగా తోము" అని ఇంకా గట్టిగా రుద్ది చూపించాను.

"తోమ్! తోమ్!" అని ఆమె చప్పట్లు కొట్టి, గిన్నె తీసుకుని పెరటి తలుపులోంచి కాలవ మెట్ల వైపు పోయింది.

ఎంత తెలివైన మనిషి అనుకున్నాను. మా ఇంట్లో పనిపిల్లకు మూడుసార్లు చెప్పినా అడుగు నల్లగానే ఉంటుంది, ఈమెకు భాష రాకపోయినా ఒక్కసారికే అర్థమైంది. నిశ్చింతగా వసారాలో కూర్చుని జానుకు జడ వేశాను. వంటింట్లోంచి రోట్లో దంచుతున్న చప్పుడు వచ్చింది. వెల్లుల్లి దంచుతోంది అనుకున్నాను. ఆమె కాలవలో వేలాడదీసిన బుట్ట పైకి లాగి, బతికున్న రొయ్యలు తీసి, పొట్టు వలిచి దంచుతోందని నాకేం తెలుసు?

అందరూ తిరిగొచ్చారు. లాన్ వేరే పొయ్యి మీద కోడి వేయించింది. అత్త కాచిన చారును ఆమె పట్టించుకోలేదు. పైకి తేలేది సొరకాయ ముక్కలే. ఇంకా వెలుతురు ఉండగానే పెద్ద చెక్క బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం, అచ్చం మన ఇంట్లోలాగే. బా సావ్ మొదటి గరిటె జాను గిన్నెలో పోసింది. నా వైపు చూసి కళ్ళెగరేసి, "తోమ్, తోమ్" అంది.

"చూశాలే తల్లీ, బాగా తోమినావు" అని నేను తలూపాను.

జాను చెంచా పెదవి దాకా తెచ్చి, వేడి చూసుకుంటూ ఆగింది. ఆమె వంక చూసింది, నా వంక చూసింది.

"అవ్వా, నువ్వు ఆమెకేం చెప్పినావు?"

"గిన్నె తోమమన్నా. తాగు, చల్లారిపోతది."

"ఏ మాటతో చెప్పినావు?"

"ఏ మాటేందే, తోము అని. ఇంకేం మాటుండాది?"

చెంచా బల్ల మీద పడింది. "అవ్వా! ఈళ్ళకు తోమ్ అంటే రొయ్య!"

ఆ తర్వాత ఎవరేం చేశారో నాకు వరసగా గుర్తులేదు. శిరీష పిల్ల మూతి తుడిచి, నీళ్ళతో పుక్కిలింపజేసి, మాత్ర వేసింది. మా వాడు సూదిమందు పెట్టె తెరిచి చేతిలో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లాన్ చీటీ తీసి అత్తకు చదివి వినిపించింది. బా సావ్ "చోయ్ ఓయ్, చోయ్ ఓయ్" అంటూ నేలమీద కూలబడింది. ఓరి దేవుడా అనడం అది, ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. నేను జానును ఒళ్ళోకి లాక్కుని ఛాతీ మీద చెయ్యి పెట్టాను.

పై పెదవి మీద, చెంచా తగిలిన చోట, దోమ కుట్టినట్టు ఎర్రగా లేచింది. దురదగా ఉందంది. గోకనివ్వలేదు. అందరం ఆ ఎర్ర మచ్చనే చూస్తున్నాం. అది పెరుగుతుందా, పక్కకు పాకుతుందా? నా చేతి కింద ఊపిరి సాఫీగానే ఉంది. పిల్లికూత లేదు. అయినా నా చెవి నేను నమ్మలేదు, ఛాతీకి చెవి ఆనించి విన్నాను. బయట బాతులు ఇంటికి చేరుతున్నాయి. ఎవరూ ముద్ద ముట్టలేదు. బిట్టు తప్ప. వాడికి ఏదైనా పడుతుంది గానీ మా ఇంట్లో రొయ్య రుచి ఎరగడు. ఎవరూ చూడకుండా రెండు గిన్నెలు తాగేసి, "అవ్వా, ఈ సొరకాయ బలే ఉండాదే, మనింట్లో సొరకాయ ఇట్టా ఉండదే!" అన్నాడు.

ఏడుస్తున్న శిరీషకు ఆ మాటకు నవ్వొచ్చింది.

కాసేపటికి ఎరుపు తగ్గడం మొదలైంది. తర్వాత మచ్చ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు జాను నా చెయ్యి పక్కకు తోసింది.

"అందరూ నా మూతి చూడబాకండి. నాకు ఆకలిగా ఉండాది."

ఇంత హాయైన మాట నేను ఇంతవరకు విని ఎరగను. లాన్ కొత్త కెటిల్లో గుడ్లు ఉడకబెట్టింది. ఉడికిన గుడ్డు, అన్నం, మా కందిపొడి. ఆ పిల్ల గిన్నె నాకింది.

బా సావ్ మాత్రం తేరుకోలేదు. నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఫోన్లో ఏదో చెప్పింది, ఫోను దాన్ని తెలుగులో చదివింది. "మీరు మళ్ళీ మళ్ళీ అడిగినారు కనుక మీకు చాలా ప్రియం అని భావించి మొత్తం వేసితిని" అని. నేను ఫోన్లో అసలు సంగతి చెప్పాను. ఆమె విన్నది. నా వంక చూసింది. చేత్తో గుండ్రంగా రుద్ది, "తోమ్?" అంది. నేను తలూపాను. ఇంక ఆపుకోలేకపోయింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. నన్నూ నవ్వించింది.

"మా, నువ్వు మనింట్లో పొద్దున లేస్తే తోము తోము అని ఒకటే అరుపు గదా" అన్నాడు మా వాడు. "ఈ ఊళ్ళో కాపురం ఉన్నావంటే మనం గుంటలు చేయక్కర్లే, వాకిట్లోకే రొయ్యలు తెచ్చి పోస్తారు."

"నోరు మూసుకుని అన్నం తిను" అన్నాను. కానీ నా గొంతులో కోపం లేదని వాడికి తెలుసు.

కాలవ మెట్ల మీద

తెల్లారి లేచేసరికి బా సావ్ ఇంట్లోని గిన్నెలన్నీ కాలవ మెట్ల మీద పరిచి కొబ్బరి పీచుతో రుద్దుతోంది. నేనూ కొంగు బిగించి కూర్చున్నాను. కొబ్బరి పీచు పట్టే పద్ధతి మా ఇద్దరికీ ఒకటే. బూడిద మాత్రం వాళ్ళు వాడరు. సబ్బు నురగ ఎంత పోస్తుందో చూసి నేను ఆమె చేతిలోంచి సీసా లాక్కుని, నాలుగు చుక్కలతో ఎన్ని గిన్నెలు తోమవచ్చో చేసి చూపించాను. ఆమె పక్కనున్న గిన్నెలో నా మొహం కనపడేలా రుద్ది, నా ముందు పెట్టింది. ఎవరి గొప్ప వాళ్ళది.

జాను వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"ఏమే, రొయ్య వద్దు అని ఎట్టా అనాలి?" అని అడిగాను.

"ఖోంగ్ తోమ్."

"కోముతోము."

"అట్టా గాదవ్వా. ఖోంగ్."

"కోంగు."

జాను బా సావ్ వైపు చూసింది. ఇద్దరూ కలిసి తల అడ్డంగా ఊపారు. "నువ్వు అనబాకలే అవ్వా. నువ్వంటే మళ్ళీ రొయ్యలే తెస్తారు. నేనే అడగతాలే."

అడగనీయాలా వద్దా అని గిన్నెలు బోర్లించేదాకా ఆలోచించాను. నిన్న ఆ చెంచాను ఆపింది నా కళ్ళు కాదు, ఆ పిల్ల చెవులు. నా మెడలో తాడుకు కట్టుకున్న చీటీ తీసి ఆ పిల్ల మెడలో వేశాను.

"అడుగు. కానీ వాళ్ళు చెప్పిందల్లా నమ్మబాక. గిన్నె చూడు, గరిటె చూడు, నూనె చూడు" అన్నాను.

"తెలుసవ్వా" అంది, మా కోడలి గొంతుతో.

వచ్చేటప్పుడు బా సావ్ కొబ్బరి బిళ్ళలు ఒక సంచి నిండా ఇచ్చింది. పాలూ బెల్లమూ కాచినట్టుండే తీపి. డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి మూసేసింది. నేను నిమ్మకాయ ఊరగాయ సీసా ఆమె చేతిలో పెట్టాను. అన్నంలో కలుపుకోవాలని చేత్తో చూపించాను గానీ నోరు మాత్రం విప్పలేదు. ఏ మాటకు ఏమర్థం వస్తుందో ఎవరికి తెలుసు?

మళ్ళీ సైగాన్

చివరి రోజు సాయంత్రం తినుబండారాలు అమ్మే వీధికి పోయాం. హోటల్ వాళ్ళు ఇచ్చిన బాణలి నా సంచిలో భద్రంగా ఉంది. వీధి మొదట్లోనే ఒకామె పెద్ద పెనం మీద పసుపు పచ్చటి పిండి పోస్తోంది. సుయ్యిమని చప్పుడు, కొబ్బరిపాల వాసన. అచ్చం మన అట్టు. ఇన్ని రోజుల తర్వాత అట్టు కనపడేసరికి పిలకాయలిద్దరూ ఆగిపోయారు. "దోసె! దోసె!" అని బిట్టు గంతులు.

నేను కాలు ముందుకు వేయబోయాను. శిరీష నా మోచెయ్యి మెల్లగా పట్టుకుంది. జాను అప్పటికే పెనం ముందు నిలబడి చీటీ చూపిస్తోంది.

ఆమె చదివింది. పక్కనున్న రొయ్యల పళ్ళేన్ని దూరంగా జరిపి, మొలకలు, ఉల్లిపాయలు చూపించి, "ఖోంగ్ తోమ్, ఖోంగ్ తోమ్" అంది. వేయనులే అని. నవ్వు మొహం మంచిదే. అట్టు పోయడానికి గరిటె ముంచింది కూడా. జాను తలెత్తి ఆ అట్ల వంక చూసింది. నోరూరుతోందని నాకు ఇక్కడికే తెలుస్తోంది. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాను.

జాను వంగి పెనం అంచు చూసింది. పిండి గిన్నెలోని గరిటెను చూసింది. రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టి, వెనక్కి వచ్చేసింది.

"వెయ్యనంటా ఉండాది గానీ పెనం అదేనవ్వా. ఇంతకుముందు రొయ్యలేసిన అట్టు దాంట్లోనే పోసింది. వద్దు."

"నాకు దోసె కావాల" అని బిట్టు ఏడుపు.

"నువ్వు తిను. తిని మూతి కడుక్కోని నా దగ్గరికి రా" అని వాడికి చెప్పి, నడుచుకుంటూ ముందుకు పోయింది. మా అబ్బాయి పది అడుగుల వెనకగా పోతున్నాడు, పిల్ల కంటికి ఆనకుండా. ఒక బండి దగ్గర ఆగింది, అడిగింది, తల ఊపి వదిలేసింది. ఇంకో బండి దగ్గర ఆగింది. అక్కడ బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. కంకి తప్ప వేరే ఏదీ లేని బండి. చుట్టూ తిరిగి చూసింది, బొగ్గుల వెనక్కి కూడా వంగి చూసింది. అమ్మేవాడు ఈ పిల్ల ఏం పారేసుకుందోనని తనూ వంగి వెతికాడు.

నేను ఒక ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఈ ప్రయాణం మొత్తంలో ఆ పిల్ల తినేటప్పుడు నేను కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు చాపుకున్నాను. బిట్టు అట్టు తింటూ నా చీర మీద నూనె కారుస్తున్నా ఏమీ అనలేదు.

వీధి చివర నుంచి జాను రెండు కంకులు పైకెత్తి చూపించింది, ఒకటి తనకు, ఒకటి నాకు. రమ్మని పిలిచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాను. మెల్లగా నడిచాను. తొందరేం లేదు, ఆ పిల్ల అప్పటికే తినడం మొదలుపెట్టింది.